రాళ్ల నిండా పచ్చటి వెంట్రుకల పాచి, టెస్టుల్లో మాత్రం నీళ్లు బాగానే ఉన్నాయి. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

మియాపూర్ ట్యాంక్

అందరికీ నమస్కారం. 14 నెలలుగా ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం నడుపుతున్నాను. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. కింద సంపు, అంటే నీళ్లు వడకట్టే చిన్న తొట్టి ఉంది. రాళ్లూ ఇసుకా పోను అసలు నీళ్లు 200 లీటర్ల దాకా ఉంటాయి. ఒక జత క్లౌన్ ఫిష్, ఒక ఫైర్ ఫిష్, ఒక పసుపుతోక డామ్సెల్ ఉన్నాయి. కోరల్స్ లేవు. రాళ్లు ఎండు రాళ్లే, షాపులో కొన్నవి.

మొదటి నెలలో గోధుమరంగు పొడిలా పాచి పట్టింది, మూడు వారాల్లో దానంతటదే పోయింది. ఆ తర్వాత ఏడాది పాటు ట్యాంకు అద్దంలా ఉంది. ఈ వేసవిలో, ఏప్రిల్ చివర్లో, పంపు పక్కనున్న రాయి మీద పచ్చటి వెంట్రుకలు కనిపించాయి. జూన్ వచ్చేసరికి రెండంగుళాల పొడవు పెరిగి రాళ్లన్నీ కప్పేసింది. ఇసుక మీద కూడా కుచ్చులు కుచ్చులుగా లేస్తోంది. ఫైర్ ఫిష్ దాక్కునే సందు పూర్తిగా మూసుకుపోయింది. అది ఇప్పుడు ఓవర్‌ఫ్లో పెట్టె వెనక నక్కి కూర్చుంటోంది.

ప్రతి ఆదివారం 20 శాతం నీళ్లు మారుస్తున్నాను. టెస్టు చేస్తే లీటరుకు మిల్లీగ్రాముల్లో నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.03. చదివిన చోటల్లా ఇవి మంచి అంకెలే అంటున్నారు. మరి ఈ పాచి ఏం తిని పెరుగుతోంది?

ఇంకో విషయం కూడా చెప్పాలి. పది రోజుల కింద ఒక షాపులో అడిగితే పాచి మందు సీసా ఇచ్చారు. "ఉప్పునీటికి కూడా వాడొచ్చు" అన్నారు. సీసా మీద రాసినంతే వేశాను. పాచి కొంచెం పాలిపోయింది, నాలుగు రోజుల్లో మళ్లీ పచ్చబడింది. కానీ మందు వేసిన మర్నాడు పొద్దునకే మా క్లీనర్ ష్రింప్ చనిపోయింది. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. చేయి పెడితే ఆ ష్రింప్ వాడి గోళ్లు శుభ్రం చేసేది. వాడు రెండు రోజులు ట్యాంకు వైపు చూడలేదు. అప్పటి నుంచి ఏ సీసా ముట్టాలన్నా టెన్షన్‌గా ఉంది.

లైటు పొద్దున 8 నుంచి రాత్రి 10 దాకా. దాణా రోజుకు మూడుసార్లు: రెండుసార్లు గుళికలు, ఒకసారి సన్నగా తరిగిన రొయ్య ముక్కలు. నీళ్లకు వంటింటి ఆర్వో వాడుతున్నాను. వేడి తగ్గడానికి నీటి మీదికి ఫ్యాన్ పెట్టాను, దాంతో రోజూ నాలుగు లీటర్లు ఆవిరైపోతోంది, ఆ మేరకు ఆర్వో నీళ్లే పోస్తున్నాను. తెలిసినాయన ఒకరు సముద్రం నుంచి ప్రాణమున్న రాయి (లైవ్ రాక్, సముద్ర జీవులు పట్టి ఉన్న రాయి) తెప్పిస్తాను, దాంతో పాచి పోతుంది అంటున్నారు. తీసుకోమంటారా?

ఫ్రిస్కో నుంచి

ముందు అది ఏ పాచో తేల్చుకోండి. ఒక కుచ్చు తీసి తెల్ల పింగాణీ ప్లేటులో నీళ్లు పోసి పరచండి. ఒక్కో పోగు విడివిడిగా, కొమ్మలు లేకుండా, లాగితే మెత్తగా ఊడి వస్తే మామూలు వెంట్రుకల పాచి. పక్షి ఈకలాగా నడుమ ఈనె, రెండు పక్కలా పీచు ఉంటే బ్రయాప్సిస్. నాకు టెక్సాస్‌లో రెండోది వచ్చింది. నీళ్లు ఎంత శుభ్రం చేసినా కదల్లేదు. ఫ్లుకోనజోల్ అనే ఫంగస్ మందు వాడాక మూడు వారాలకు పోయింది. మీది మామూలు పాచి అయితే దాని జోలికి వెళ్లకండి. ఒకసారి సీసా దెబ్బ తిన్నారు కదా.

వైజాగ్ మెరైన్

ఆ రాయి తీసుకోకండి మేడమ్. రాయి కట్టే పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 కింద ఉన్నాయి, పులికి ఉన్నంత రక్షణ వాటికీ ఉంది. మన తీరం నుంచి పగడపు రాయి పీకి తెచ్చి అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ ఇద్దరూ నేరంలో పడతారు. చట్టం సంగతి అలా ఉంచినా, అలాంటి రాయితోనే వాలోనియా అనే బుడగల పాచి, మీరు కోరని పీతలు, పురుగులు కూడా ఇంటికొస్తాయి. ఉన్న పాచికి కొత్త పాచి తోడవుతుంది.

హేచరీ బాబాయ్

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నాకు 22 ఏళ్లుగా రొయ్య పిల్లల హేచరీలో పని, బాపట్ల వైపు. అందులో మొదటి తొమ్మిదేళ్లు ఆల్గే రూంలోనే గడిపాను. మీరు వదిలించుకోవాలనుకుంటున్న పని మేం జీతం తీసుకుని చేస్తాం, అంటే పాచిని పెంచుతాం. రొయ్య పిల్ల జోయియా దశలో కీటోసిరస్ అనే సూక్ష్మ పాచి తిని బతుకుతుంది. అది సమయానికి అందకపోతే బ్యాచ్ మొత్తం పోతుంది. కాబట్టి పాచి దేనికి పెరుగుతుందో, దేనికి ఆగుతుందో నాకు పుస్తకంలో కన్నా చేతిలో ఎక్కువ తెలుసు.

మేం వాడే ఎరువు కొలత ఎఫ్ బై 2 అని ఉంటుంది. లీటరు సముద్రపు నీటికి సోడియం నైట్రేట్ 75 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ ఉప్పు 5 మిల్లీగ్రాములు, సిలికేట్ 30 మిల్లీగ్రాములు, చిటికెడంత ఇనుము, విటమిన్లు. ఇంతే. ఫాస్ఫేట్ ఎంత కొంచెమో గమనించండి. ఇవి కలిపి, లైటు వేసి, గాలి పెట్టి వదిలితే మూడు నాలుగు రోజుల్లో జాడీ టీ డికాషన్ రంగుకొస్తుంది. ఆ రోజు నీళ్లు వడకట్టి టెస్టు చేస్తే నైట్రేట్, ఫాస్ఫేట్ దాదాపు కనపడవు. మనం వేసినదంతా ఎక్కడికి పోయింది? పాచి ఒంట్లోకి పోయింది. మీ 5, మీ 0.03 అలాంటి అంకెలే. టెస్టు కిట్ నీటిలో మిగిలినదే చూపిస్తుంది, పాచి తినేసింది చూపించదు. మీ ట్యాంకులో ఫాస్ఫేట్ కొలవాలంటే రాళ్ల మీది పాచిని తూకం వేయాలి.

అందుకే మందు వేసినా ప్రయోజనం లేకపోయింది. పాచి చచ్చింది, దాని ఒంట్లో ఉన్నదంతా నీళ్లలోకి వచ్చింది, మిగిలిన వేళ్లు అదే తిని మళ్లీ లేచాయి. ఆ సీసా మీద కాపర్ సల్ఫేట్ అని ఉందేమో చూడండి. మన ఊళ్లలో మైలుతుత్తం అంటాం. మంచినీటి పాచి మందుల్లో అది చాలా వాటిలో ఉంటుంది. చేప కొంతవరకు ఓర్చుకుంటుంది, రొయ్య జాతి ఓర్చుకోదు. మా హేచరీలో రాగి, ఇత్తడి అమరికలు నీటి దారిలో పెట్టనివ్వం. అది ఉంటే యాక్టివేటెడ్ కార్బన్ కొత్తది వేసి, రెండు మూడుసార్లు నీళ్లు మార్చి, కాపర్ టెస్టులో సున్నా వచ్చాకే కొత్త ష్రింప్, నత్తల మాట ఎత్తండి. మీ ష్రింప్ గురించి చదివి బాధ కలిగింది. అది మీ నిర్లక్ష్యం వల్ల పోలేదు, మీకు చెప్పినవాళ్లు సరిగా చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఎరువు మీ ట్యాంకులోకి ఏ దారిన వస్తోంది? ఏడాది బాగున్న ట్యాంకు వేసవిలో చెడింది. వేసవిలో ఏం మారింది? ఫ్యాన్ వచ్చింది, రోజుకు నాలుగు లీటర్లు పోస్తున్నారు. నాకు అక్కడే అనుమానం.

ఆవిరి అయ్యేది ఉత్త నీరే. అందులో ఉన్నవన్నీ ట్యాంకులోనే ఉండిపోతాయి. నెలకు 120 లీటర్లు పోస్తున్నారంటే 120 లీటర్లలో ఉన్న నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్ మొత్తం 200 లీటర్లలో పేరుకుంటోంది. వంటింటి ఆర్వో నమ్మదగిందే కదా అనుకుంటాం. కానీ అది తాగడానికి చేసింది. రుచి కోసం చాలా మోడళ్లలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ అని చిన్న వాల్వు పెడతారు. అది ఆర్వో మెంబ్రేన్ దాటని నీళ్లను కొంచెం కొంచెంగా శుభ్రమైన నీళ్లలో కలుపుతుంది. అపార్ట్‌మెంట్‌లో వేసవిలో బోరు నీళ్లో ట్యాంకరు నీళ్లో వస్తే ఆ నీళ్లే చుక్క చుక్కగా మీ ట్యాంకులోకి వస్తున్నాయి. పైగా మెంబ్రేన్ ఉప్పును ఆపినంత బాగా నైట్రేట్‌ను ఆపలేదు. తాగే నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని మన ప్రమాణాలే చెబుతున్నాయి. మనిషికి అది సరే, మీ ట్యాంకుకు కాదు.

టీడీఎస్ మీటరు రెండు మూడు వందల రూపాయలకు దొరుకుతుంది. ముందు అది కొనండి. కుళాయి నీళ్లు, ఆర్వో నీళ్లు రెండూ చూసి ఇక్కడ రాయండి. మీ నైట్రేట్ కిట్ మంచినీటికి కూడా పనికొచ్చేదైతే ఆర్వో నీళ్లను దాంతో కూడా పరీక్షించండి.

రెండోది దాణా. గుళికల్లో భాస్వరం బరువులో ఒక శాతం అనుకుందాం, చాలా దాణాల్లో అంతకన్నా ఎక్కువే. రోజుకు ఒక గ్రాము దాణా వేస్తారనుకుంటే అందులో 10 మిల్లీగ్రాముల భాస్వరం, ఫాస్ఫేట్ లెక్కన 30 మిల్లీగ్రాములు. దాన్ని 200 లీటర్లకు పంచితే 0.15. చేప ఒంటికి పట్టేది పోగా సగం మిగిలినా, ఒక్క రోజు దాణాతో మీ కిట్ చూపించే అంకెకు రెట్టింపు పైనే వచ్చి పడుతోంది. నాలుగు చిన్న చేపలకు రోజుకు ఒకసారి, నిమిషంలో తినేసేంత చాలు. రొయ్య ముక్కలు మార్కెట్లో తాజాగా కొన్నవా, ప్యాకెట్‌లో గడ్డకట్టినవా? ప్యాకెట్ రొయ్యలను బరువు నిలవడానికి ఫాస్ఫేట్ నీళ్లలో ముంచడం ప్రాసెసింగ్‌లో మామూలే. తాజావే అయినా తరిగాక జల్లెడలో వేసి ఆర్వో నీళ్లతో కడిగి పెట్టండి. ఆ రసం సింకులోకి పోవాలి, ట్యాంకులోకి కాదు.

లైటు 14 గంటలు ఎందుకమ్మా? కోరల్స్ లేవు. మీ అబ్బాయి స్కూలు నుంచి వచ్చే వేళ చూసుకుని మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 9 దాకా పెట్టండి.

ఇక చేత్తో తీయడం. దీన్ని అందరూ చిన్నచూపు చూస్తారు, కానీ అన్నిటికన్నా ఇదే ముఖ్యం. పాచి ఎరువు మొత్తాన్ని ఒక్కచోట మూటకట్టి మీకు ఇస్తోంది, ఆ మూట బయట పారేయడమే మీ పని. రాయి వదులుగా ఉంటే తీసి బకెట్‌లో ట్యాంకు నీళ్లలోనే పెట్టి కొత్త టూత్‌బ్రష్‌తో రుద్దండి. ట్యాంకు లోపల రుద్దితే ముక్కలు ఎగిరి నాలుగు చోట్ల అతుక్కుంటాయి. కుళాయి కింద మాత్రం కడగొద్దు, రాయిలో ఉన్న మంచి బ్యాక్టీరియా పోతుంది. రోజుకు ఒక రాయి చాలు. సంపులో స్పాంజి ఉంటే మూడు రోజులకోసారి కడగండి, ఇసుక మీద పేరుకున్న చెత్తను నీళ్లు మార్చేటప్పుడు పైపుతో లాగండి.

పది రోజుల్లో పోవాలని అనుకోవద్దు. రాయి సున్నపురాయి జాతి, ఇన్నాళ్లూ ఫాస్ఫేట్ పీల్చుకుని ఉంటుంది. నీళ్లలో తగ్గేకొద్దీ అది మెల్లగా వదులుతుంది. మూడు నెలలు పెట్టుకోండి.

మియాపూర్ ట్యాంక్

బాబాయ్ గారూ, ఇంత ఓపికగా రాసినందుకు చాలా థాంక్స్. మీటరు వచ్చింది. కుళాయి నీళ్లు 710. వంటింటి ఆర్వో 82! ఇన్నాళ్లూ అది సున్నాకు దగ్గరగా ఉంటుందనుకున్నాను. నైట్రేట్ కిట్‌తో చూస్తే ఆర్వో నీళ్లలోనే 10 వచ్చింది. మీ లెక్క ప్రకారం వేశాను. నెలకు 120 లీటర్లు, లీటరుకు 10 చొప్పున 1200 మిల్లీగ్రాములు, 200 లీటర్లకు 6. దాణా లేకుండానే నెలకు 6! ఆదివారం మార్చే 40 లీటర్లు కూడా ఆ నీళ్లతోనే ఉప్పు కలుపుతున్నాను. అంటే నీళ్లు మార్చడం పేరుతో కూడా ఎరువే పోస్తున్నాను.

సీసా మీద చిన్న అక్షరాల్లో కాపర్ సల్ఫేట్ అని ఉంది. పారేశాను.

రొయ్యలు గడ్డకట్టిన ప్యాకెట్‌వే. ప్లేటులో పరిచి చూస్తే పోగులకు కొమ్మలు లేవు, ఫ్రిస్కో గారూ, కాబట్టి మామూలు వెంట్రుకల పాచే అనుకుంటున్నాను. నిన్న మూడు రాళ్లు రుద్దాను. తీసిన పాచిని పిండి వంటింటి త్రాసు మీద పెడితే 380 గ్రాములు వచ్చింది. మా అబ్బాయే అంకె చదివి నోట్‌బుక్‌లో రాశాడు. వాడు మళ్లీ ట్యాంకు దగ్గరికొచ్చాడు.

ఆర్వో సంగతి ఏం చేయను? కొత్త మెషీన్ కొనాలా?

హేచరీ బాబాయ్

కొనక్కర్లేదు. సర్వీసు చేసేవారిని పిలిచి మెంబ్రేన్ దాటగానే, టీడీఎస్ వాల్వు కలిసే ముందు, ఒక T ఆకారపు కనెక్షన్ పెట్టించి విడిగా చిన్న కుళాయి తీయమనండి. మినరల్ కాట్రిడ్జ్ ఉంటే దానికీ ముందే తీయాలి. మెంబ్రేన్ బాగుంటే అక్కడ 30, 40 చూపిస్తుంది. దాని తర్వాత నీళ్లలో మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ కాట్రిడ్జ్ ఒకటి పెడితే సున్నా వస్తుంది. రంగు మారే రెసిన్ తీసుకోండి, ఎప్పుడు అయిపోయిందో కంటికి తెలుస్తుంది. మీటరు 1 చూపించగానే మార్చేయండి, ఇంకో వారం లాగుదాం అనుకోవద్దు. అరిగిపోతున్న రెసిన్ నుంచి ముందుగా జారేది సిలికేట్, దాంతో మొదటి నెలలో చూసిన గోధుమరంగు పొడి మళ్లీ వస్తుంది.

వైజాగ్ మెరైన్

సంపులో జానెడు చోటుంటే ఆల్గే స్క్రబ్బర్ కూడా చేసుకోవచ్చు మేడమ్. పాచికి మనమే ఒక చోటు చూపించి అక్కడే పెంచి గీకి పారేయడం. అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియం శాస్త్రవేత్త వాల్టర్ ఏడీ 1980 ప్రాంతంలో ఈ పద్ధతి తెచ్చారు. ఇంటికి ఖర్చు తక్కువ. ఎంబ్రాయిడరీ సామాను అమ్మే చోట దొరికే ప్లాస్టిక్ జాలీని హ్యాక్సా బ్లేడుతో గరుకుగా గీరి, పైన చీలిక కోసిన పీవీసీ పైపుకు వేలాడదీసి, నీళ్లు పల్చటి తెరలా జారేలా చేయాలి. ఒక్కో అంగుళం వెడల్పుకు గంటకు 130 లీటర్లు పారితే చాలు. రెండు వైపులా ఎర్ర ఎల్ఈడీ. రాత్రిపూట వెలిగించండి. వారానికోసారి జాలీ తీసి గీకండి.

ఫాక్స్‌ఫేస్ చేప ఈ పాచి బాగా తింటుందని ఎవరైనా చెబితే అది నిజమే, కానీ నాలుగడుగుల ట్యాంకు దానికి చాలదు.

మియాపూర్ ట్యాంక్

ఆరు వారాలైంది, వివరాలు రాస్తున్నాను. విడి కుళాయి, రెసిన్ పెట్టించాను, మీటరు 0. దాణా రోజుకు ఒకసారి. లైటు 7 గంటలు. పాచి తూకం మా నోట్‌బుక్‌లో వారం వారం ఇలా ఉంది: 380, 410, 290, 260, 140, 90. రాళ్ల పైభాగాలు బయటపడ్డాయి, ఊదారంగు మచ్చలు కూడా కనిపిస్తున్నాయి. ఫైర్ ఫిష్ తన సందులోకి తిరిగి వెళ్లింది.

కానీ నిన్న టెస్టు చేస్తే నైట్రేట్ 12, ఫాస్ఫేట్ 0.12! పాచి ఉన్నప్పుడు 5, తగ్గాక 12 ఏమిటో అర్థం కాక రాత్రి నిద్ర పట్టలేదు. ఎక్కడైనా మళ్లీ తప్పు చేశానా?

హేచరీ బాబాయ్

లేదమ్మా, అంకె పెరిగినందుకు నాకు సంతోషంగా ఉంది. ఇన్నాళ్లూ తినేసిన పాచి తగ్గింది కాబట్టి దాణా నుంచి వచ్చేది, రాయి వదిలేది ఇప్పుడు కిట్‌కు కనపడుతోంది. ఇదే అసలు అంకె. చేపలు మాత్రమే ఉన్న ట్యాంకుకు నైట్రేట్ 12తో ఏ ఇబ్బందీ లేదు. ఆ ఊదా మచ్చలు కోరలైన్ పాచి, అది పరుచుకున్న చోట వెంట్రుకల పాచి అంత తేలిగ్గా దిగదు.

ఫాస్ఫేట్‌కు ఐరన్ ఆక్సైడ్ గుళికలు వాడొచ్చు, జీఎఫ్ఓ అని అడగండి. సీసా మీద చెప్పిన దాంట్లో పావు వంతుతో మొదలుపెట్టండి, నీళ్లు తేరేదాకా కడిగి పెట్టండి. 0.05 దగ్గర ఆపేయండి. సున్నాకు దించొద్దు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా అయిన ట్యాంకుల్లో డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు లేస్తాయి. గోధుమరంగు చీమిడిలా, గాలి బుడగలతో, పగలు పెరిగి రాత్రి తగ్గుతుంటుంది. నత్తలను చంపుతుంది. దానితో పోలిస్తే వెంట్రుకల పాచి నయం.

మొండిగా మిగిలిన చోట్లకు ఒక మాట. రాయి బయటికి తీసి హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలు వేయొచ్చు, ఐదు నిమిషాలాగి ఉప్పునీటిలో కడిగి పెట్టేయాలి. బయటి దేశాలవాళ్లు రాసే కొలతలు 3 శాతం ద్రావణానికి. మన మందుల షాపులో సాధారణంగా ఇచ్చేది 6 శాతం. లేబుల్ చూసి సగానికి సగం ఆర్వో నీళ్లు కలుపుకోండి. ట్యాంకులో మాత్రం పోయొద్దు.

మియాపూర్ ట్యాంక్

కాపర్ టెస్టు రెండుసార్లు చేశాను, రెండుసార్లూ సున్నా. గత శనివారం నాలుగు టర్బో నత్తలు తెచ్చి, గంటన్నర సేపు చుక్కల పైపుతో మా నీళ్లు అలవాటు చేసి వదిలాం. ఎనిమిది రోజులైంది, నాలుగూ తిరుగుతున్నాయి. ఈ వారం పాచి తూకం 35 గ్రాములు. ఎడమ మూల రాయి కింద ఒక్కచోటే మిగిలింది, దాన్ని నత్తలకే వదిలేశాం.

ఇంకో నెల ఆగి క్లీనర్ ష్రింప్ తెద్దామని మా వాడికి చెప్పాను. క్యాలెండర్ మీద తేదీ వాడే గుర్తు పెట్టుకున్నాడు.

హేచరీ బాబాయ్

నెల ఆగడం సరైన పని. తెచ్చిన రోజు నత్తలకు చేసినదానికన్నా నెమ్మదిగా, రెండు గంటలు తీసుకుని అలవాటు చేయండి. లైటు ఆపి సాయంత్రం వదలండి.